పెట్టెలో నాలుగు నిమ్మకాయలు

ఫోటోలో తెల్లటి ఐస్ బాక్సు ఒకటి మూత తెరిచి ఉంది. లోపల నాలుగు నిమ్మకాయలు, రెండు సపోటాలు, మూతకు గుడ్డ కట్టిన చిన్న గాజు సీసా. సీసాలో ఎర్రగా రొయ్యల పచ్చడి.

ఫోన్లో వచ్చిన ఆ ఫోటో కింద నాలుగు లైన్ల ఇంగ్లీషు. మేధ ఆ నాలుగు లైన్లూ రెండుసార్లు చదివి, కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుంది.

“ఈ ఉదయం నేను లోపం రాసిన సెక్షన్ నుంచే, నా శాంపిల్ పెట్టెలో కానుక పెట్టి పంపారు. మా నిబంధన ప్రకారం ఆడిట్ నిలిపేశాను. సాయంత్రం నాలుగు గంటలకు మా ఆఫీసుకు రిపోర్టు పంపుతాను. మీ దగ్గర ఆధారాలేమైనా ఉంటే ఆ లోపు చూస్తాను. మోర్టెన్.”

టైము ఒంటిగంటా పది.

అవతలి గదిలో వెంకట్రాజు గారు ఫోన్లో నవ్వుతున్నారు. “అయిపోయిందండి. రెండు గంటలు ముందే అయిపోయిందండి. ఆ డెన్మార్క్ ఆయన చెయ్యి కలిపి, థాంక్యూ చెప్పి మరీ వెళ్ళారండి.”

వెంకట్రాజు గారి సొంతూరు ఉండి. చేపల చెరువులతో మొదలుపెట్టి, పెదపాడు దగ్గర ఈ రొయ్యల ప్లాంటు కట్టారు. తిట్టాలన్నా ‘అండి’ లేకుండా తిట్టరు. నెల క్రితం దాకా మేధ ఆ ప్లాంటులో లేబుళ్ళు ప్రింటు చేసే అమ్మాయి. ఏలూరులో ఇల్లు. పగలు ఉద్యోగం, సాయంత్రం ల్యాప్‌టాప్ ముందు పీజీ. సబ్జెక్టు పేరు చెబితే బంధువులెవరికీ ఒక పట్టాన అర్థం కాదు. పనిచేసే చోట వేర్వేరు దేశాల, వేర్వేరు అలవాట్ల మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలి అన్నది ఆ చదువు. “మాట్లాడుకోవడానికి రెండేళ్ళు చదవాలా?” అని వాళ్ళ నాన్న నరసింహమూర్తి గారు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. ఆయన హైస్కూల్లో ముప్పై ఏళ్ళపాటు పిల్లల్ని మాట్లాడకుండా కూర్చోబెట్టిన మనిషి.

వెంకట్రాజు గారికి మాత్రం ఆ చదువు నచ్చింది. డెన్మార్క్ కంపెనీ ఒకటి సరుకు కొంటామని, ముందు తమ ఆడిటర్ వచ్చి ప్లాంటు చూస్తారని రాసిన రోజే మేధని పిలిచారు.

“అమ్మా మేధా, ఆ వచ్చే ఆయన్ని చూసుకునే పని నీది. పాసైతే బయ్యర్ కోఆర్డినేటర్‌వి నువ్వే. ఫెయిలైతే మళ్ళీ లేబుళ్ళే. నీ క్లాసుల కోసమని గంట ముందు పంపిస్తున్నాను చూడు, అది కూడా ఉండదు. మొహమాటం లేకుండా చెప్పేస్తున్నానమ్మా.”

మేధకి ఇది ఆఖరి సెమిస్టర్. గంట ముందు పంపకపోతే క్లాసు అందదు. క్లాసు అందకపోతే డిగ్రీ లేదు.

అందుకని నెలరోజులు కష్టపడింది. ఇరవై ఒక్క రూల్సు రాసి ప్లాంటులో ఉన్న ఆడవాళ్ళందరికీ చదివి వినిపించింది. పెళ్ళయిందా అని అడగొద్దు. తినమని బలవంతం చెయ్యొద్దు. మీదమీదకి వచ్చి మాట్లాడొద్దు. బహుమతులు అసలే ఇవ్వొద్దు. వాటినే ఒక పట్టికగా వేసి కాలేజీకి ప్రాజెక్టు పంపితే, ప్రొఫెసర్ లలిత గారు ఒక్క మాట రాసి తిప్పి పంపారు. “వాళ్ళ అలవాట్ల గడి నిండా రాశారు. మీ అలవాట్ల గడిలో ఏమీ లేదేం?” మనకి అలవాట్లేముంటాయి, మనం మామూలుగానే ఉంటాం కదా అనుకుని మేధ ఆ కాగితం పక్కన పడేసింది. ఆదివారం లోపు సరిచేసి పంపాలి.

ఇంతలో ఈ నిమ్మకాయలు.

*

రొయ్యల తొక్కలు తీసే పీలింగ్ సెక్షన్‌కి సూపర్‌వైజర్ నాగరత్నం క్యాంటీన్లో మజ్జిగన్నం తింటోంది. యాభై దాటిన మనిషి. రొయ్య చేతిలో పెడితే తూకం వెయ్యకుండానే కౌంట్, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పేస్తుంది. మేధ ఆమెను పిన్ని అని పిలుస్తుంది.

“రత్నం పిన్నీ, ఆ ఆడిటర్ గారి డబ్బాలో ఏమన్నా పెట్టారా?”

“ఆ. ఖాళీ డబ్బా కడిగివ్వమని ఇచ్చారు కదా. కడిగి, తుడిచి, నీ చేతికిచ్చాను.”

“లోపల?”

“నిమ్మకాయలు మా పెరట్లోవి. సపోటాలు మా గ్రేడింగ్ పిల్ల తెచ్చింది. పచ్చడి నేను పెట్టిందే. ఏం, ఉప్పెక్కువైందన్నారా?”

“బహుమతులు ఇవ్వకూడదని తొమ్మిదో రూల్లో చెప్పాను కదా.”

నాగరత్నం ముద్ద ఆపి చూసింది. “బహుమతి ఎవరిచ్చారమ్మా? రంగు కాగితం చుట్టానా, ఫోటో తీయించుకున్నానా? డబ్బా వచ్చింది, డబ్బా పంపాను. ఉత్త డబ్బా ఎలా పంపిస్తారు, మనుషులన్నాక?”

మేధకి అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండున్నరకి ఆ పెట్టెని నాగరత్నం దగ్గర అందుకుని, కారు దాకా మోసుకెళ్ళి, మోర్టెన్‌కి రెండు చేతులతో అందించింది తనే. ఖాళీ పెట్టె ఇంత బరువేమిటన్న అనుమానం రాలేదు. తిరిగి వెళ్ళే డబ్బా బరువుగా ఉండటమే మామూలనిపించింది.

“పొద్దున మీ సెక్షన్‌లో తప్పు రాశారు కదా పిన్నీ ఆయన.”

రాశాడు. అరగంటకోసారి అందరూ చేతులు క్లోరిన్ నీళ్ళలో ముంచాలి. ముంచిన టైము షీటులో రాయాలి. ఇవాళ పదిన్నర, పదకొండు గళ్ళలో ఎవరూ ఏమీ రాయలేదు.

“తప్పు రాసిన గంటన్నరకి మీ దగ్గర్నుంచి పచ్చడి సీసా వెళ్ళింది. ఆ తప్పు కొట్టెయ్యమని పంపారనుకుంటున్నారాయన.”

“అంటే లంచమా?” అంది నాగరత్నం. పళ్ళెం పక్కకి జరిపేసింది. “నేనా? పచ్చడా?”

ఇక ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

మేధ బయటికొచ్చి మోర్టెన్‌కి ఫోన్ చేసింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. తాడేపల్లిగూడెంలో భోజనానికి ఆగుతున్నాడు. హోటల్ పేరు చెప్పాడు. అక్కడినుంచి తణుకు వెళ్ళాలి. “ఇది ఇక్కడి ఆచారం అని మీరు చెబుతారని నాకు తెలుసు. ప్రతి దేశంలోనూ అదే చెబుతారు. మాటలు వద్దు. కాగితం ఉంటే తీసుకురండి.”

ఆచారానికి కాగితం ఎక్కడినుంచి వస్తుంది? మేధ దగ్గర నాలుగు లావుపాటి పాఠ్యపుస్తకాలున్నాయి. జపాన్‌లో విజిటింగ్ కార్డు ఎలా అందుకోవాలో ఉంది. జర్మనీలో మీటింగుకి ఎన్ని నిమిషాలు ముందు వెళ్ళాలో ఉంది. పెదపాడులో కడిగిన డబ్బా ఎలా తిరిగివ్వాలో ఒక్కదాంట్లోనూ లేదు.

సంగతి విన్న వెంకట్రాజు గారు గోడ గడియారం వైపు చూశారు.

“నాలుగు నిమ్మకాయలకండి?”

“రెండు సపోటాలు కూడా ఉన్నాయండి.”

“వాళ్ళు ఏదున్నా మొహం మీదే చెప్పేస్తారని నువ్వే కదమ్మా రాశావు, మూడో రూల్లో. మరి ఈయన నవ్వి, చెయ్యి కలిపి వెళ్ళాడేంటి?”

“ఇలాంటివి ప్లాంటులో నిలబడి మాట్లాడకూడదు, రాసే పంపాలని వాళ్ళ కంపెనీ రూలంటండి. అది నాకు తెలీదండి.”

“సరే. నాగరత్నం గారిని రమ్మను. డ్రైవర్ సెలవు. నేనే నడుపుతాను.”

ఆ చివరి మాటకి మేధ కూడా గడియారం వైపు చూసింది. వెంకట్రాజు గారు కారు నడిపితే సైకిళ్ళు దాటిపోతాయి.

*

గేటు దగ్గర దేవరాజు కారు ఆపాడు.

దేవరాజు సెక్యూరిటీ గార్డు. మూడేళ్ళ క్రితం ఎవరో క్యారియర్‌లో రొయ్యలు దాచి పట్టుకుపోతుంటే పట్టుకున్నాడు. అప్పుడు వెంకట్రాజు గారు ఒక ఆర్డరేశారు. గేటు దాటే ప్రతి డబ్బా, ప్రతి గిన్నె మూత తీసి చూడాలి. లోపల ఏముందో రిజిస్టర్‌లో రాయాలి. తన కారైనా వదలొద్దు. దేవరాజు ఆ ఆర్డర్‌లో ఒక్క అక్షరం కూడా ఇవాళ్టి దాకా సడలించలేదు.

“మేధమ్మ గారూ, బ్యాగులో లంచ్ బాక్సు ఉందండి. చూపించాలండి.”

“దేవరాజు గారూ, చాలా తొందరలో ఉన్నామండి.”

“రాసేస్తానండి. అర నిమిషం.” మూత తీశాడు. పెన్ను నాలికకి ఆనించి, పైకి చదువుతూ రాశాడు. “మేధ గారు. స్టీలు డబ్బా ఒకటి. లోపల అరటిపళ్ళు రెండు.”

మేధ డబ్బా వైపు చూసింది. రెండు చక్కెరకేళీ పళ్ళు. ప్లాంటుకి వచ్చినవాళ్ళందరి క్యారియర్లూ క్యాంటీను వెనక ఒకేచోట ఆడవాళ్ళు కడుగుతారు. రెండేళ్ళుగా రోజూ సాయంత్రం ఇంటికెళ్తూ ఆటోలో డబ్బా తీసి, అందులో ఏదుంటే అది తింటోంది. జామకాయ, బెల్లం ముక్క, ఒకోసారి గుప్పెడు వేరుశనక్కాయలు. ఎవరు పెడుతున్నారని ఒక్కరోజూ అడగలేదు.

“దేవరాజు గారూ, ఇలా అందరివీ రాస్తారా?”

“అందరివీ అండి. రాజు గారివి కూడా. ఇందాక ఆ డెన్మార్క్ ఆయన పెట్టె కూడా, ఆయన చూస్తుండగానే మూత తీసి రాశానండి. మొన్న ఆయన ఫ్లాస్కులో మూడు యాలకులు.”

“మూడేళ్ళవీ ఉన్నాయా?”

“ఇది రెండో పుస్తకమండి. పద్నాలుగు నెలలవి ఉంటాయి. పొద్దున ఆ డెన్మార్క్ ఆయన కూడా చూసి సంతకం పెట్టారు కదండీ.”

పేజీ తిప్పి చూపించాడు. ఉదయం ఎనిమిదీ పదికి, అప్పటికి ఆఖరిదైన లైను కింద, పచ్చ ఇంకుతో మోర్టెన్ సంతకం. ఆయనకి తెలుగు రాదు. రిజిస్టర్ ఏరోజుకారోజు రాస్తున్నారా లేదా అని మాత్రం చూసి సంతకం చేశాడు. అంటే ఆ సంతకం పైనున్న ఒక్క లైను కూడా ఆ తరవాత కల్పించింది కాదు.

“ఈ పుస్తకం నాకు కావాలి.”

“రిజిస్టర్ గేటు దాటకూడదండి.”

వెంకట్రాజు గారు కిటికీలోంచి తల బయటపెట్టారు. “దేవరాజు గారూ, నేను చెబుతున్నానండి.”

“మీరు చెప్పిందేనండి, దాటకూడదని.” దేవరాజు ఒక్క క్షణం ఆలోచించాడు. తరవాత ఆ రిజిస్టర్‌లోనే రాశాడు. “గేటు రిజిస్టర్ ఒకటి. రాజు గారి కారులో. సాయంత్రం తిరిగి రావాలి.” సంతకం పెట్టించుకుని అప్పుడు ఇచ్చాడు.

టైము ఒకటీ నలభై.

*

హైవే మీద వెంకట్రాజు గారు నలభై దాటలేదు. వెనక సీట్లో నాగరత్నం పెదవి బిగించి కూర్చుంది. మేధ ఒళ్ళో పుస్తకం పెట్టుకుని పేజీలు తిప్పుతూ, ఇంగ్లీషులో ఏం చెప్పాలో మనసులోనే వాక్యాలు కట్టుకుంటోంది. అవతలి మనిషి మాటని ముందు ఒప్పుకోవాలి, తరవాత మన సందర్భం చెప్పాలి. రెండో సెమిస్టర్, నాలుగో పాఠం.

“రాజు గారండి, ఆ లారీని దాటొచ్చండి,” అంది నాగరత్నం.

“దాటొచ్చండి. కానీ దాని ముందు ఇంకో లారీ ఉంటుందండి.”

తాడేపల్లిగూడెం చేరేసరికి మూడు దాటి అయిదు నిమిషాలు. మోర్టెన్ హోటల్లో మూల టేబుల్ దగ్గర ఉన్నాడు. ముందు ల్యాప్‌టాప్, పక్క కుర్చీలో తెల్ల పెట్టె. పెట్టెకి అడ్డంగా టేపు, టేపు మీద పచ్చ ఇంకు సంతకం. ఆయన లేచి ముగ్గురికీ నమస్కారం పెట్టాడు. మేధ పుస్తకం ముందుంచి, రిజిస్టర్ సంగతి, సంతకం సంగతి చెప్పింది. ఆయన తన సంతకం రెండుసార్లు చూసుకున్నాడు. పేజీలేమైనా చించి అతికించారా అన్నట్టు అంచులన్నీ తడిమి చూశాడు.

“మంచి ఆధారం,” అన్నాడు. “కానీ ఇది తెలుగు.”

“నేను చదివి వినిపిస్తాను.”

“వద్దు. మీరు ఆ ప్లాంటు ఉద్యోగి. ఇందులో మీకు లాభనష్టాలున్నాయి. దయచేసి ఇక మీరు మాట్లాడకండి.”

మాట్లాడటమెలాగో రెండేళ్ళు చదివిన మనిషి కుర్చీలో వెనక్కి వాలింది.

మోర్టెన్ చుట్టూ చూశాడు. పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దాయన కాఫీ చల్లార్చుకుంటున్నారు. మోర్టెన్ వెళ్ళి ఇంగ్లీషు వచ్చా అని అడిగాడు. పేరు కోదండరామయ్య, రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఇంగ్లీషు వచ్చా అని ఇరవై ఏళ్ళలో ఎవరూ అడగలేదేమో, కాఫీ అక్కడే వదిలేసి వచ్చి కూర్చున్నారు. మోర్టెన్ కళ్ళు మూసుకుని పుస్తకంలో ఒక పేజీ తెరిచాడు. “ఇక్కడినుంచి.”

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఒక్కో లైనూ తెలుగులో చదివి ఇంగ్లీషులోకి మారుస్తూ వచ్చారు. “కరెంటు లైన్‌మ్యాన్. క్యారియర్ ఒకటి. లోపల జామకాయలు రెండు. పశువుల డాక్టరు గారు. ప్లాస్టిక్ డబ్బా. లోపల కరివేపాకు. బాగుంది. నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్. సత్తు గిన్నె. లోపల బెల్లం ముక్క.”

మోర్టెన్ మళ్ళీ కళ్ళు మూసుకుని ఇంకో పేజీ తీశాడు. ఆపైన ఇంకొకటి. అన్ని చోట్లా అంతే. వచ్చిన ఏ గిన్నే ఖాళీగా పోలేదు. ఆయన వేలు పేజీ మీద కిందికి దిగుతూ వచ్చి ఒకచోట ఆగింది. అక్కడ మిగతా లైన్లకన్నా పొట్టిగా ఒక లైను ఉంది. దాని తరవాతి పేజీలో కూడా ఒకటి.

“ఇదేమిటి?”

మాస్టారు చూశారు. “ఐస్ లారీ డ్రైవర్ నెల్సన్. క్యారియర్ ఒకటి. ఖాళీ.” పేజీ తిప్పారు. “మర్నాడు, ఖాళీ. ఆ మర్నాడు, ఖాళీ.” వేళ్ళ మీద లెక్కపెట్టారు. “పదకొండు రోజులండి.”

కారులో తిప్పినప్పుడు మేధ ఆ పేజీ చూడలేదు. మోర్టెన్ ల్యాప్‌టాప్ కొంచెం దగ్గరికి లాక్కున్నాడు. “అంటే ఇది అందరికీ చేసేది కాదు. కొందరికి పెడతారు, కొందరికి పెట్టరు. ఎవరికి పెట్టాలో ఎంచుకుంటారు. ఆమెను అడగండి.”

మాస్టారు నాగరత్నం వైపు తిరిగారు. “అమ్మా, ఈ నెల్సన్‌కి ఏమీ పెట్టలేదేం?”

నాగరత్నం అప్పటిదాకా ఎటో చూస్తోంది. ఆ పేరు వినగానే ఇటు తిరిగింది.

“వాడా? మా పిల్లల్ని పట్టుకుని చేపల సంత అన్నాడండి. ఐస్ దింపుతూ, అందరూ వింటుండగా. నోరెత్తి ఒక్క మాట అనలేదు మేము. రోజూ క్యారియర్ తళతళా తోమి, ఉత్తదే పంపించాం. నాలుగు రోజులు నవ్వాడు. అయిదో రోజునుంచి మూత తీసి చూసుకోవడం మొదలెట్టాడు. పన్నెండో రోజు పొద్దున్నే వచ్చి, తప్పైపోయిందక్కా అన్నాడు. ఆ రోజేముందో చదవండి.”

మాస్టారు పేజీ తిప్పారు. “నెల్సన్. క్యారియర్ ఒకటి. లోపల గారెలు ఆరు.” ఇంగ్లీషులో చెప్పాక తనే ఒకసారి గట్టిగా నవ్వుకున్నారు.

మోర్టెన్ నవ్వలేదు. పెన్ను కింద పెట్టాడు. “అంటే ఖాళీగా పంపితే కోపమని అర్థమా?”

“అంతేగా మరి,” అంది నాగరత్నం, మాస్టారు తెలుగులో అడగడం పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా. “మాస్టారూ, ఆయనకి సరిగ్గా చెప్పండి. పొద్దున ఆయన మా షీటులో తప్పు రాశారు. అది నిజమే. మా పిల్లలు చేతులు ముంచారు గానీ రాయలేదు. రాయకపోతే ముంచనట్టే. ఆ తరవాత ఆయన డబ్బా నా దగ్గరికొచ్చింది. ఉత్తది పంపితే ఏమనుకోవాలి? తప్పు పట్టారని రత్నం అలిగింది అనుకోవాలి. నాకు కోపం లేదని నిమ్మకాయలేశాను. అంతకు మించి ఏమీ లేదండి.”

మాస్టారు ఒక్క మాట వదలకుండా చెప్పారు. చివరి వాక్యం రెండుసార్లు చెప్పారు.

“అయితే ఆ తప్పు కొట్టెయ్యమని అడగడం లేదా?” అన్నాడు మోర్టెన్.

“కొట్టేస్తే ఊరుకోనని చెప్పండి. కొట్టేశారంటే ఆ పిల్లలు రేపు కూడా రాయరు. నేను చెప్పినా వినరు. ఆయన రాస్తే వింటారు.”

వెంకట్రాజు గారు సన్నగా దగ్గారు. సొంత మనిషే తప్పు ఉంచమనడం ఆయనకి మింగుడు పడలేదు. మేధ ఎలాగూ మాట్లాడకూడదు.

మూడూ నలభై. మోర్టెన్ ల్యాప్‌టాప్‌లో కాసేపు చదివాడు, కాసేపు టైపు చేశాడు. తరవాత తెర ఇటు తిప్పాడు. ఆడిట్ నిలుపుదల రద్దు. మిగిలిన పని రేపు ఉదయం ఎనిమిదికి కొనసాగుతుంది. షీటులో రెండు గళ్ళు రాయకపోవడం ఒక లోపం, అది అలాగే ఉంటుంది. కొత్తగా ఇంకొకటి. సందర్శకుల వస్తువులు తిరిగి ఇచ్చేందుకు ప్లాంటులో రాతపూర్వకమైన పద్ధతి లేదు. వెంటనే పెట్టాలి. పెట్టెలు ఖాళీగా ఇవ్వాలి.

“ఇప్పుడు మీరు మాట్లాడొచ్చు,” అన్నాడు మేధతో.

మేధకి కారులో కట్టుకున్న వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. “ఆ పచ్చడి?” అంది.

“తీసుకోకూడదు. నన్ను క్షమించమని ఆమెతో చెప్పండి.” పెట్టె తెరిచి నిమ్మకాయలు, సపోటాలు, సీసా ఒక్కొక్కటీ తీసి టేబుల్ మీద పెట్టాడు. సీసా పెట్టేటప్పుడు గుడ్డ దగ్గర ఒకసారి వాసన చూశాడు.

“పాపం,” అంది నాగరత్నం.

సీసా మాస్టారు ఇంటికి వెళ్ళింది. ఆయనకి ఏ నిబంధనా లేదు.

*

తిరుగు దారిలో వెంకట్రాజు గారు సపోటా తింటూ ఇంకా నెమ్మదిగా నడిపారు. మేధ మూడో రూలు మీద అడ్డంగా గీత కొట్టి, అదే కాగితం వెనక కొత్త పద్ధతి రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం దగ్గరే నాగరత్నం ఆపేసింది.

“ఉత్త డబ్బా నా చేత్తో ఇవ్వనమ్మా. నాకు కోపమొచ్చిందని ఆయనకి అనిపిస్తుంది.”

“రూలు పిన్నీ. లోపల ఏమీ ఉండకూడదు.”

“లోపలేగా ఉండకూడనిది?”

మేధ పెన్ను ఆగింది. పట్టికలో ఇన్నాళ్ళూ తను వదిలేసిన గడి గుర్తొచ్చింది. తల ఎత్తి నాగరత్నాన్ని చూసింది. “ఇంకోసారి చెప్పండి పిన్నీ. రాసుకుంటాను.”

మర్నాడు పదకొండు గంటలకి మోర్టెన్ ఆడిట్ ముగించి, రెండు చిన్న లోపాలతో ప్లాంటు పాసైందని వెంకట్రాజు గారి ముందే సంతకం పెట్టాడు. వెంకట్రాజు గారు లేబుళ్ళ గదికి ఫోన్ చేసి, మేధ స్థానంలో ఇంకెవరినన్నా చూసుకోమన్నారు. మోర్టెన్ కారెక్కబోతుంటే నాగరత్నం తెల్ల పెట్టె తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. ఆయన అక్కడే నిలబడి మూత తీసి చూశాడు. లోపల ఏమీ లేదు. దేవరాజు కూడా చూసి, పైకి చదువుతూ రాశాడు. “ఖాళీ.”

మూత మీద ఒక అచ్చు కాగితం అంటించి ఉంది. ప్లాంటు పేరు, ఫారం నంబరు, తేదీ. కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రెండు వాక్యాలు.

“ఈ పెట్టె నిబంధన ప్రకారం ఖాళీగా ఇస్తున్నాము. మీ మీద మాకు కోపం లేదు.”

దాని కింద నాగరత్నం సంతకం.

ఆయన రెండు భాషల్లోనూ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఒక భాష ఆయనకి రాదు. తరవాత దాన్ని అంచు చిరగకుండా ఊడదీసి మడిచాడు. ఫైల్లో పెట్టలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు.